తెర అంచున చెయ్యి

ఆ చెయ్యి ఇంకా తెర మీదే ఉంది. దాన్ని అక్కడ ఆపింది నేను. రిమోట్ నా ఒడిలో దిండు కింద ఉంది. ఎవరు అడిగినా ఇచ్చేది లేదు.

కొత్త టీవీ గోడకెక్కి ఒక పూటైనా కాలేదు, హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. కూర్చున్నది నేనూ, అత్తయ్యా.

తెర మధ్యలో మామయ్య, పాత వీడియో సీడీలో. రిటైరైన రోజు సాయంత్రం, ఇదే హాల్లో, ఇదే కిటికీ పక్కన నిలబడి, ఏదో చెప్పబోతూ నోరు తెరిచి ఆగిపోయారు. ఎడమ అంచున పడకగది తలుపు సందు. సందులో అలమర. అలమర అరలో నీలం పెట్టె. ఆ పెట్టె మీదికి పైనుంచి దిగిన చెయ్యి. వేళ్ళు పెట్టె వెనక్కి పోయాయి, మోచెయ్యి తలుపు చాటున ఉంది. కనిపించేది చేతి వీపూ, మణికట్టూ, అంతే.

ఆ నీలం పెట్టెలో అత్తయ్యకి వాళ్ళమ్మ ఇచ్చిన ముత్యాల హారం ఉండేది. ఆ సాయంత్రమే పోయింది. తీసింది నేనని తేల్చేశారు. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో దొంగని నేనే.

"అది నా చెయ్యి కాదు," అంది అక్క. అక్కంటే నా తోడికోడలు, ఈ ఇంటి పెద్దకోడలు.

"మీదని ఎవరన్నారక్కా?" అన్నాను.

"అనక్కర్లేదు. అందరూ నా చేతుల కేసే చూస్తున్నారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. కానీ ఆమె అన్నదీ నిజమే. చూస్తున్నాం. అక్క చేతులు బొద్దుగా ఉంటాయి, మణికట్టు దగ్గర మడత పడతాయి. తెర మీది చెయ్యీ బొద్దుగానే ఉంది.

"ఆ రోజు నా చేతికి నాలుగు గాజులున్నాయి," అంది మళ్ళీ. "ఈ చేతికి ఒక్కటీ లేదు. చూడండి."

"దొంగతనానికి వెళ్ళేవాళ్ళు గలగలలాడించుకుంటూ వెళ్తారా? తీసి పక్కన పెట్టి ఉంటారు," అన్నాను.

అక్క మొహం ఎర్రబడింది. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

బావగారు గొంతు సవరించుకున్నారు. ఆయన లెక్కల మాస్టారు. ఇంట్లో కూడా బోర్డు ముందు నిలబడ్డట్టే మాట్లాడతారు. "చూడమ్మా, ఒక చెయ్యి లావుగా ఉన్నంత మాత్రాన అది ఫలానావాళ్ళదని రుజువైపోదు. ఇంకా ఆధారం కావాలి."

"అన్నయ్యా, ఆ రోజు ఏ ఆధారం చూసి మా ఆవిడ బట్టల పెట్టె బోర్లించారు?"

ఆ మాటన్నది మా ఆయన. నేను ఆయన వైపు తిరిగి చూశాను. ఇన్నేళ్ళలో ఆయన నా తరఫున నోరు విప్పడం ఇదే మొదలు. ఎప్పుడు ఏడ్చినా "పోనీలే, వదిలెయ్" అనేవారు. నేను పక్క మీద అటు తిరిగి ఏడ్చేదాన్ని, ఆయన ఇటు తిరిగి పడుకునేవారు. ఇవాళ చూడు, మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని, అన్నగారికి ఎదురు నిలబడి అడిగేస్తున్నారు.

"ఒరేయ్ దొరా, ముందు ఆ గ్లాసు దింపి మాట్లాడు," అన్నారు బావగారు.

మా ఆయన్ని ఇంట్లో అందరూ దొర అనే పిలుస్తారు. చిన్నప్పుడు బంతి తగిలి కుడిచేతి చిటికెన వేలు వంగకుండా పోయింది. కాఫీ కప్పు పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా ఆ వేలు విడిగా నిక్కి నిలబడుతుంది. తెల్లదొరలు టీ తాగినట్టుందని బావగారే పెట్టారా పేరు. కొత్తలో నాకు ఆ వేలంటే ఎంత ముద్దో.

ఆయన గ్లాసు దింపలేదు. "దింపను. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. చెయ్యి ఎవరిదో కళ్ళకి కనిపిస్తుంటే ఇంకా ఊరుకోమంటావా?"

"నువ్వు కూడానా మరిదీ?" అంది అక్క. కోపంగా అనలేదు. నమ్మలేనట్టు అంది.

"పోనీ ముందుకి నడిపి చూద్దాం. చెయ్యి వెనకాల మనిషి రాకపోతాడా," అన్నారు బావగారు.

"ఎందుకు? కనిపిస్తూనే ఉందిగా," అన్నారు మా ఆయన వెంటనే.

నేనూ నడపలేదు. నా కారణం నాకుంది.

నేను టీవీల షోరూంలో పనిచేస్తాను. కొన్నవాళ్ళకి బొమ్మ సరిచేసి ఇవ్వడం నా పని. రోజుకొకరైనా మొహం ముడుచుకుని తిరిగొస్తారు. "ఏమ్మా, దీనికన్నా మా పాత డబ్బా టీవీయే నయం. అందులో మనుషులు మనుషుల్లా ఉండేవాళ్ళు. ఇందులో అందరూ ఉబ్బిపోయారు," అంటారు. తప్పు టీవీది కాదు. పాత బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, కొత్త తెర వెడల్పు. ఉన్నదున్నట్టు చూపిస్తే రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. నల్లపట్టీలు కొనుక్కోవడానికా ఇంత ఖర్చు పెట్టింది అని, వాటిని పోగొట్టడానికి బొమ్మని అడ్డంగా సాగదీసుకుంటారు. తెర నిండుతుంది. సన్నటివాళ్ళు బొద్దుగా అవుతారు, బొద్దుగా ఉన్నవాళ్ళు పీపాల్లా అవుతారు.

మా ఇంట్లో ఆ పని చేసింది బావగారు. "ఇంత తెర కొని మూడొంతులే వాడుకుంటామా? ఇదెక్కడి లెక్క?" అని పొద్దున్న ఆయనే మీట నొక్కి సాగదీశారు. నేను వద్దనలేదు. పెద్దవాళ్ళ లెక్కకి నేనెందుకు అడ్డం రావాలి?

కాబట్టి ఆ చెయ్యి నిజంగా అంత లావు కాదు. ఇది ఈ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

చెయ్యి ఇన్నాళ్ళూ కనపడకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు. డబ్బా టీవీ బొమ్మని నాలుగు అంచులా కాస్త కాస్త చట్రం కింద దాచేసుకుంటుంది. ఈ సీడీ ఎన్నిసార్లు వేసినా ఎడమ పక్క గోడ దాకానే కనిపించేది. కొత్తది ఏదీ దాచుకోలేదు. గోడ పక్కన తలుపు, తలుపు వెనక అలమర, అన్నీ బయటపెట్టింది.

అక్క తెర దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించినంత పని చేసింది. "ఇందులో చెయ్యెక్కడుంది? గళ్ళు తప్ప ఏమీ లేవు. ఏదో అలుక్కుపోయిన మచ్చ పట్టుకుని నన్ను దొంగని చేస్తారా?"

"వెనక్కి రండక్కా. పాత బొమ్మ కదా, పెద్ద తెర మీద దగ్గరికెళ్తే గళ్ళే కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే తేటపడుతుంది," అన్నాను.

ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. సోఫా తగిలి ఆగింది. అక్కడినుంచి చెయ్యి స్పష్టంగా కనిపించింది. తన చెయ్యి వెనక్కి దాచుకుంది.

"అక్కా, మీ పెట్టె తెండి," అన్నాను.

"ఏ పెట్టె?"

"మంచం కింద పెట్టుకుంటారు కదా, ఎవర్నీ ముట్టుకోనివ్వరు, అది. ఆ రోజు నా పెట్టె ఎక్కడ బోర్లించారో అక్కడే బోర్లించండి. అదిగో, ఆ కిటికీ కింద."

"నీకు మతి పోయిందా," అన్నారు బావగారు.

"ఆ రోజు మీకు పోలేదా బావగారూ? మీరు అప్పుడు ఎక్కడున్నారు? ఈ గుమ్మంలోనే నిలబడి చూశారు."

ఆయన గుమ్మం కేసి చూసి, తల తిప్పేసుకున్నారు.

హారం పోయిన ఆ సాయంత్రం, వచ్చినవాళ్ళు ఇంకా వెళ్ళనే లేదు. మామయ్య ఆఫీసువాళ్ళు ప్లేట్లు పట్టుకుని చూస్తుంటే అక్క నా పెట్టె తెచ్చి కిటికీ కింద బోర్లించింది. బట్టలు, లోపలి బట్టలు, మా అమ్మ రాసిన ఉత్తరాలు, అన్నీ నేల మీద పడ్డాయి. హారం దొరకలేదు. దొరకలేదు కాబట్టి దొంగ కాదని ఎవరైనా అంటారేమోనని చూశాను. "ముందే దాటించేసి ఉంటుంది," అంది అక్క. ఆ రాత్రినుంచి అత్తయ్య అలమర తాళం తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నారు.

ఒక్క మామయ్యే వంగారు. మోకాళ్ళ నొప్పులతో కిందికి వంగి, నా బట్టలు ఒక్కొక్కటీ ఏరి, మడతపెట్టి, పెట్టెలో సర్దారు. మరుసటి ఏడాది పోయారు.

అక్క లోపలికెళ్ళింది. పెట్టె ఈడ్చుకొచ్చిన చప్పుడు వినిపించింది. ఎవరూ సాయం వెళ్ళలేదు. కిటికీ కిందికి తెచ్చి, మూత తీసి, తనే బోర్లించింది. బట్టలు, పాత చెప్పుల జత, వేడినీళ్ళ సంచి, ఎప్పుడో పెళ్ళి కాకముందు పాటల పోటీలో గెలిచిన కప్పు. హారం లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. నాకు కావలసింది హారం కాదు, ఈ బోర్లించడమే.

"తృప్తేనా?" అంది.

"ఇంకా లేదు. ముందే దాటించేసి ఉంటారు," అన్నాను.

ఆమె మాట ఆమెకే తిరిగిచ్చాను. ఏడేళ్ళు నాలుక కింద దాచుకున్న మాట. నాకు జాలి వేయలేదు.

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇక చాల్లే. తేలిపోయింది కదా. టీవీ ఆపెయ్," అన్నారు మెల్లగా. ఆ చెయ్యి బరువు ఎంత బావుందో చెప్పలేను. నా మొగుడు నా పక్కన నిలబడ్డాడు. ఇంతకన్నా ఏం కావాలి?

అప్పుడు మాట్లాడారు అత్తయ్య. ఇంతసేపూ ఆవిడ చూపు చేతి మీద లేనే లేదు.

"ఈయనెవరే?"

"ఎవరత్తయ్యా?"

"ఈ మధ్యలో నిలబడ్డాయన. ఈ బుగ్గలెవరివి? మీ మామయ్య మొహం కోలగా ఉంటుంది. కణతలు లోపలికి పోయి ఉంటాయి. ఈయనెవరో బలిసిన షావుకారులా ఉన్నాడు."

"మామయ్యే అత్తయ్యా."

"కాదు," అన్నారు ఆవిడ. "పొద్దుపోకపోతే ఈ బొమ్మ వేసుకుని ఆయన్ని చూసుకునేదాన్ని. మీ గొడవలు మీవి. నా మనిషిని ఏం చేశారు? నాకు పాత డబ్బాయే పెట్టండి."

పాత టీవీ వరండాలో గోడ వైపు తిరిగి ఉంది, పాత సామాన్లవాడి కోసం.

"అదే మంచిదమ్మా. నేను ఇప్పుడే పట్టుకొస్తా. ఈ కొత్తది వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో శాంతి లేదు," అన్నారు మా ఆయన. గ్లాసు బల్ల మీద పెట్టి, అప్పుడే వరండా వైపు రెండడుగులు వేశారు.

అత్తయ్య నా వైపు తిరిగారు. "నువ్వు షాపులో అందరికీ బొమ్మ బాగుచేస్తావట కదే. మరి నాకెందుకు చెయ్యవు?"

దిండు కింద రిమోట్ నా చేతికి తగులుతోంది. ఒక్క మీట. నొక్కితే మామయ్య మామయ్యవుతారు. నొక్కితే ఆ చెయ్యి కూడా సన్నబడుతుంది. అక్క గెలుస్తుంది. ఇంకో గంటైనా ఆగాలని ఉంది నాకు. బావగారు అందరి ముందూ తల దించుకోవాలి. అక్క తన బట్టలు తనే ఏరుకోవాలి. అలా నేను చూడాలి.

తెర కేసి చూశాను. నా బట్టలు మడతపెట్టిన మనిషి అక్కడ నోరు తెరుచుకుని, బుగ్గలు ఉబ్బి, ఎవరోలా నిలబడి ఉన్నారు. ఆయన్ని అలా ఉంచింది బావగారు కాదు, నేను. నా పగకి ఆయన మొహం వాడుకుంటున్నాను. సిగ్గనిపించింది.

నొక్కాను.

రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చాయి. మధ్యలో బొమ్మ దగ్గరికి వచ్చింది. మామయ్య సన్నబడ్డారు. కణతలు లోపలికి పోయాయి. మొహం కోలగా అయింది.

"అదీ. వచ్చారు," అన్నారు అత్తయ్య. పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

మిగతా అందరం ఎడమ అంచు కేసి చూస్తున్నాం. చెయ్యి సన్నగా ఉంది. మణికట్టు ఎముక కూడా తెలుస్తోంది.

అక్క తన చెయ్యి చాపి తెర పక్కన పెట్టింది. చూడండని అనక్కర్లేదు. బావగారు ఊపిరి వదిలారు.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది అక్క నాతో.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ పెట్టె కిటికీ కింద చూడాలని."

అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "చూశావుగా. అయితే ఇప్పుడు నడుపు. ఇద్దరి పెట్టెలూ బోర్లాపడేలా చేసిన మహానుభావుడెవరో చూద్దాం," అంది.

"వద్దు," అన్నారు మా ఆయన.

గుమ్మం దగ్గర ఆగిపోయి ఉన్నారు. ఒక్కసారిగా వెనక్కి వచ్చి నా ముందు చెయ్యి చాపారు. "రిమోట్ ఇటివ్వు. అమ్మకి ఆయాసం వస్తుంది. రేపు చూద్దాం."

"నాకేం ఆయాసం లేదు," అన్నారు అత్తయ్య. "నడపవే. ఆయన మాట వింటాను."

నడిపాను.

మామయ్య మాట్లాడారు. "ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. నా మీద ఒక్క మాట పడలేదు. ఇంట్లో కూడా అంతే. నా పిల్లలు ఒకరి సొమ్ము ఆశించేవాళ్ళు కారు..." చప్పట్లు వినిపించాయి. ఎడమ అంచున చెయ్యి కదిలింది. పెట్టె అరలోంచి పైకి లేచింది. వెనక దాగిన వేళ్ళు బయటికి వచ్చాయి. నాలుగు వేళ్ళు పెట్టెని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఐదోది పట్టుకోలేదు. చిటికెన వేలు విడిగా నిక్కి నిలబడింది.

ఆపాను.

బావగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అక్క కిటికీ కింద కూర్చుని తన బట్టలు ఏరుకోవడం మొదలుపెట్టింది. నోరు తెరిస్తే చాలు, పగ తీరిపోతుంది ఆమెకి. తెరవలేదు. నాకోసం వదిలేసింది.

నేను ఏడేళ్ళు పళ్ళు నూరింది ఎవరి మీద? ప్రతి రాత్రీ నా పక్కన పడుకున్నది ఎవరు? ఏడుస్తుంటే "పోనీలే, వదిలెయ్" అన్నది ఇందుకా? ఇవాళ నా తరఫున అంత గొంతెత్తింది ఇందుకా? నా భుజం మీద ఇందాకటి చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది. దులుపుకోవాలనిపించింది.

తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు నా మొగుడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు.

"నా చూపు అంత దూరం ఆనదు," అన్నారు అత్తయ్య. "ఎవరిదే ఆ చెయ్యి? నీకు కళ్ళు బావుంటాయి. నువ్వు చెప్పు."

ఈ ప్రశ్న ఎవరైనా నన్ను అడగాలని ఇన్నేళ్ళు కాచుక్కూర్చున్నాను. జవాబు ఎంత గట్టిగా చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. వీధి చివరిదాకా వినిపించాలనుకున్నాను.

దిండు పక్కన పెట్టి లేచాను. బల్ల మీద ఆయన వదిలేసిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అంచుదాకా నీళ్ళు నింపి తెచ్చి, ఆయన ముందు చాపాను.

"గొంతు ఎండిపోయినట్టుంది. తీసుకోండి," అన్నాను.

ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"ఇప్పుడొద్దు," అన్నాడు.

నేను గ్లాసు దించలేదు. నీళ్ళు తొణికి నా మణికట్టు మీదుగా జారి నేల మీద పడ్డాయి. అక్క మడతపెడుతున్న బట్ట చేతిలోనే పట్టుకుని తలెత్తి చూసింది.

సోఫాలోంచి అత్తయ్య మెల్లగా లేచి నిలబడ్డారు. ఆవిడ చూపు గ్లాసు మీద లేదు. కొడుకు కుడి జేబు మీద ఉంది.

"తీసుకోరా," అన్నారు.